సందక్‌ఫు దారిలో పాత బండ్లు

డార్జిలింగ్ వెళ్లినవారిలో పదింట తొమ్మిదిమంది టైగర్ హిల్ మీద సూర్యోదయం చూసి, బొమ్మ రైలెక్కి, రెండు పొట్లాల తేయాకు కొనుక్కుని తిరిగివస్తారు. తప్పేమీ లేదు. సెలవులు కొద్ది, పిల్లలతో ప్రయాణం కష్టం. కాని డార్జిలింగ్‌కు ఇరవై ఆరు కిలోమీటర్ల దూరంలో, నేపాల్ సరిహద్దును ఆనుకుని మానేభంజాంగ్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడినుంచి ముప్పై ఒక్క కిలోమీటర్ల కొండదారి పశ్చిమ బెంగాల్‌లోకెల్లా ఎత్తయిన సందక్‌ఫు శిఖరానికి పోతుంది. దాని ఎత్తు 3,636 మీటర్లు. ఎవరెస్టు, కాంచనగంగ, లోత్సే, మకాలు - ప్రపంచంలోని అయిదు మహోన్నత శిఖరాలలో నాలుగింటిని అక్కడ ఒక్కచోట నిలబడి దర్శించవచ్చు. యాత్రికులు వెళ్లేది అందుకే. నేను వెళ్లింది మాత్రం, నిజం చెప్పాలంటే, ఆ దారిలో తిరిగే బండ్ల కోసం.

నేను మరమ్మతు విభాగపు ఇంజనీరును. పంపులు, కంప్రెసర్లు, క్రేన్లు, వాటితోపాటు సంస్థ వాహనాలు - వీటి రోగాలు చూడడమే ముప్పై ఏళ్లుగా నా వృత్తి. ఏ యంత్రానికి ఎప్పుడు ఉద్వాసన చెప్పాలో తేల్చే కమిటీలలో పలుమార్లు కూర్చున్నాను. ఆ పనిలో ఉన్నవారికి ఒక చిత్రమైన అలవాటు ఏర్పడుతుంది. కొత్త యంత్రాన్ని చూసి ఆశ్చర్యపడరు. పాత యంత్రం ఇంకా నడుస్తూ ఉంటే మాత్రం ఆగి చూస్తారు. 2018లో ల్యాండ్ రోవర్ కంపెనీ తన డెబ్బయ్యవ వార్షికోత్సవ సందర్భంగా ఈ మానేభంజాంగ్ బండ్లమీద ఒక చిన్న చిత్రం తీసింది. 1950లలో తయారైన బండ్లు నలభైకి పైగా అక్కడ నిత్యం మనుషులను, సరుకులను మోస్తున్నాయని దానివల్ల తెలిసింది. పెళ్లి ఊరేగింపులకు, ప్రదర్శనలకు బయటికి తీసే అలంకార వాహనాలు కావు అవి. రోజుకూలీకి పోయే బండ్లు. అది ఎట్లా సాధ్యమో కళ్లారా చూడాలని అప్పుడే అనుకున్నాను.

2022 నవంబరులో గాని ఆ కోరిక తీరలేదు. ఎల్.టి.సి. మీద శ్రీమతితోను, ఎం.ఎస్‌సి. చదువుతున్న మా అమ్మాయితోను విశాఖపట్నంలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ దాకా నాలుగువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించే రైలు అది. న్యూ జల్‌పాయిగురిలో దిగి మిరిక్, సుఖియాపోఖ్రీల మీదుగా మానేభంజాంగ్ చేరేసరికి సాయంకాలమయింది. భంజాంగ్ అంటే కనుమ. బౌద్ధుల మణి రాళ్ల పేర మానే అన్నమాట వచ్చిందంటారు. ఊరంతా ఒకే వీధి. ఆ వీధికి ఒక పక్క మనదేశం, రెండో పక్క నేపాల్. మా అమ్మాయి నేపాల్‌లో టీ తాగి వచ్చి ఇండియాలో డబ్బులిచ్చింది.

మరునాడు ఉదయం వీధి చివర వరుసగా నిలబడి ఉన్నాయి బండ్లు. గుండ్రని దీపాలు, చదునైన ముఖం, మోకాటిపైకి వచ్చే చక్రాలు, తలుపులకు లోపలనుంచి ఇనుప గడియలు. ఒక్కొక్కటి ఒక్కొక్క రంగు. కప్పుమీద సామానులు కట్టుకునే చట్రం, అద్దం మీద రంగురంగుల ప్రార్థనా పతాకాలు. దూరంనుంచి చూస్తే ముచ్చటగా ఉన్నాయి. దగ్గరికి వెళ్లి రేకుమీద చేయి వేస్తే గాని వాటి వయస్సు తెలియదు. సుత్తి దెబ్బలు, అతుకులు, అతుకుల మీద అతుకులు.

ఈ బండి పుట్టుక కథ ఇంజనీర్లకే కాదు, అందరికీ నచ్చేదే. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఇంగ్లండులో ఉక్కుకు రేషన్. రోవర్ కంపెనీ ప్రధాన రూపశిల్పి మారిస్ విల్క్స్ తన పొలం పనులకు యుద్ధకాలపు విల్లీస్ జీపు నొకదానిని వాడుకుంటూ ఉండేవాడు. అది పూర్తిగా అరిగిపోతే దాని స్థానంలో ఏమి కొనాలన్న ఆలోచననుంచే ల్యాండ్ రోవర్ పుట్టింది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో దానిని లోకానికి చూపించారు. ఉక్కు చాలదు గనుక పై తొడుగుకు అల్యూమినియం మిశ్రలోహపు రేకు వాడారు. యుద్ధం ముగియడంతో విమాన కర్మాగారాలకు అక్కరలేకపోయిన అల్యూమినియం అప్పట్లో పుష్కలం. ఖరీదైన అచ్చులు చేయించే స్తోమత లేక రేకులను వీలైనంతవరకు చదునుగానే కత్తిరించి బిగించారు. ఛాసిస్‌ను ఉక్కు పలకలను పెట్టెలాగా వెల్డింగు చేసి తయారుచేశారు. మొదటి ఇంజన్ 1.6 లీటర్ల పెట్రోలుది, సుమారు యాభై గుర్రాల బలం. కొద్ది సంవత్సరాలు గట్టెక్కడానికి తలపెట్టిన ఆ తాత్కాలిక వాహనపు సంతతి, మూలరూపం చెడకుండా, 2016 జనవరి దాకా తయారవుతూనే వచ్చింది. కంపెనీ మాత్రం పలు చేతులు మారి 2008లో మన టాటాల వశమయిన సంగతి పాఠకులకు విదితమే.

లేమిలో తీసుకున్న ఆ నిర్ణయాలే దాని దీర్ఘాయువుకు కారణమయినాయి. తూర్పు హిమాలయాలలో ఏడాదిలో నాలుగు నెలలు ఎడతెగని వాన, తక్కిన నెలలలో పొగమంచు. అటువంటిచోట ఉక్కు రేకు పదేళ్లు నిలవడం కష్టం. అల్యూమినియం తుప్పు పట్టదు. చదును రేకు చొట్టపడితే ఊరి కమ్మరి సైతం సరిచేయగలడు. పెట్టెలాంటి ఛాసిస్ పగిలితే ముక్క వేసి అతకవచ్చు. అయితే దీనికీ ఒక శాపం ఉంది. అల్యూమినియం ఉక్కును ఆనుకున్నచోట తేమ చేరితే రెండు లోహాల మధ్య విద్యుద్రసాయన చర్య మొదలై అల్యూమినియం పిండిలాగా రాలిపోతుంది. నేను చూసిన ప్రతి బండికీ తలుపు అంచుల్లో, బోల్టుల చుట్టూ ఆ తెల్లటి పొడి కనిపించింది.

తేయాకు తోటల దొరలు తెప్పించుకున్న బండ్లు ఇవి. దొరలు వెళ్లిపోయినాక స్థానికుల చేతికి వచ్చాయి. సందక్‌ఫు దారి అప్పుడు గుండ్రాళ్లు పరచిన నిటారు బాట. మరో నాలుగు చక్రాల వాహనం దానిమీద నిలవలేదు గనుక ఇవే నిలిచాయి. ఒక్కొక్క బండి ఒక్కొక్క కుటుంబానికి పొలం వంటిది. తండ్రి తరువాత కొడుకు నడుపుతాడు.

మేము మాట్లాడుకున్న బండి యజమానికి అరవై దాటి ఉంటాయి. ఊరివాళ్లందరూ ఆయనను దాజూ అని పిలుస్తున్నారు. నేపాలీలో అన్నగారని అర్థం. నేనూ అట్లాగే పిలిచాను. ఆయన కుమారుడు పక్కనే కొత్త బొలేరో దగ్గర నిలబడి ఉన్నాడు. దారి కొంతవరకు కాంక్రీటయిన తరువాత బొలేరోలు కూడా పైకి పోవడం మొదలయింది. తండ్రి బండి, కొడుకు బండి ఒకే వరుసలో, ఒకే బేరానికి నిలిచి ఉన్నాయి.

"మేడమ్‌గారికి మెత్తటి సీటు కావాలంటే మావాడి బండి ఎక్కండి సార్. మూడు గంటల్లో దింపేస్తాడు. నాదయితే నాలుగు దాటుతుంది" అన్నాడు దాజూ, ఏమాత్రం దాపరికం లేకుండా.

మా శ్రీమతి అప్పటికే బొలేరో తలుపు మీద చేయి వేసి ఉంది. "మీరు ఈ ముసలి బండి కోసమే ఇంత దూరం తీసుకొచ్చారా? ముందే చెబితే మన గ్యారేజీలో ఉన్న మారుతి చాలదా అనేదాన్ని కదండీ!" అంది. చివరకు రాజీ కుదిరింది. పోయేటప్పుడు తండ్రి బండి, వచ్చేటప్పుడు కొడుకు బండి.

బానెట్ ఎత్తి చూపించమని అడిగాను. లోపల ఉన్నది ల్యాండ్ రోవర్ ఇంజన్ కాదు. మహీంద్రావారి డీజిల్ ఇంజన్. పెట్రోలు ఇంజన్ తాగే ఇంధనానికి కిరాయి చాలక, విడిభాగాలు దొరకక చాలా ఏళ్ల కిందటే మార్చేశారట. ఇది ఒక రకం పరకాయ ప్రవేశం. ఇందులో ఒక విచిత్రమూ లేకపోలేదు. ల్యాండ్ రోవర్ విల్లీస్ జీపును చూసి పుట్టింది. మహీంద్రావారి మోటారు వ్యాపారం మొదలయినదీ విల్లీస్ జీపులు కూర్చడంతోనే. అంటే డెబ్బై ఏళ్ల దాయాదులు ఆ బానెట్ కింద మళ్లీ కలిశారన్నమాట. ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే పలకను సిలిగురిలో లేత్ మీద చేయించారు. కమాన్ కట్టలు ఒక లారీవి కోసి బిగించినవి. రేడియేటర్ మరో బండిది. స్టీరింగ్ చక్రం, ఛాసిస్, వెనుక హౌసింగ్, పై తొడుగు - ఇవి మాత్రం ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చినవే.

ఉదయం తొమ్మిదింటికి బయలుదేరాము. ఊరు దాటగానే చిత్రే వరకు మూడు కిలోమీటర్లు వంపు మీద వంపు. అక్కడి మలుపులు ఎంత ఇరుకంటే, ఒక్క తిప్పులో బండి తిరగదు. దాజూ సగం తిప్పి, కొంచెం వెనక్కు వదిలి, మళ్లీ ముందుకు పోనిచ్చేవాడు. వెనక్కు వదిలినప్పుడు వెనుక చక్రం అంచుకు జానెడు దూరంలో ఆగేది. మా శ్రీమతి హనుమాన్ చాలీసా రెండుసార్లు పూర్తిచేసింది. ఈ బండికి పవర్ స్టీరింగ్ లేదు. బ్రేకులకు సాయపడే సర్వో లేదు, పాతకాలపు డ్రమ్ములు. దిగుడులో ఆయన బ్రేకు మీద కాలు పెట్టడం తక్కువ. రెండవ గేర్‌బాక్స్‌లోని బరువు గేరులో వేసి ఇంజన్ పట్టుతోనే దింపేవాడు. డ్రమ్ములు వేడెక్కితే పట్టు వదిలేస్తాయని ఆయనకు ఏ కళాశాలలోనూ ఎవరూ చెప్పలేదు.

మేఘ్మా దగ్గర పేరుకు తగినట్లే మేఘం దారికి అడ్డం పడింది. తుమ్లింగ్‌లో టీ తాగాము, అది నేపాల్. అక్కడినుంచి గైరీబాస్ వరకు మూడువందల మీటర్లకు పైగా దిగుడు. కష్టపడి ఎక్కిన ఎత్తు చేజారిపోతుంటే ఎవరికయినా ఉసూరుమంటుంది. గైరీబాస్ నుంచి సింగలీలా జాతీయ వనం. 1992లో దీనిని జాతీయ వనంగా ప్రకటించారు. ఎర్ర పాండాకు ఇది నివాసం. మాకు అది కనబడలేదు. వెదురు పొదలు, రోడోడెండ్రాన్ చెట్లు మాత్రం దారిపొడవునా కనిపించాయి. కాలీపోఖ్రి వద్ద నల్లటి నీటి గుంట. అది దాటి బికేభంజాంగ్ చేరాక చివరి నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు మొదలయింది. అసలు పరీక్ష అదే.

ఇంజన్ శ్రమపడడం స్పష్టంగా వినిపించింది. కారణం చెప్పడం తేలిక. సందక్‌ఫు ఎత్తున వాతావరణ పీడనం సముద్రమట్టంలోని పీడనంలో నూటికి అరవై నాలుగు వంతులు. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేని ఇంజన్, పీల్చగలిగిన గాలిని బట్టి, తన బలంలో మూడోవంతును కోల్పోతుంది. ఇంధనం పంపు మాత్రం కింద ఎంత డీజిల్ ఇచ్చిందో ఇక్కడా దాదాపు అంతే ఇస్తుంది. గాలి చాలక ఆ డీజిల్ సగం కాలి నల్లటి పొగగా బయటపడుతుంది. నీళ్లు కూడా అక్కడ ఎనభై ఎనిమిది డిగ్రీల దగ్గరే మరుగుతాయి గనుక రేడియేటర్ మూత బిగువు ఏమాత్రం వదులయినా పొంగిపోతుంది. దాజూ దారిలో రెండుచోట్ల ఆపి మూతమీద తడిగుడ్డ వేసి చూశాడు.

వెనుక సీట్లో కూర్చున్న మా అమ్మాయి పర్యావరణ శాస్త్రం చదువుతోంది. బండి వెనుక లేచిన నల్లటి పొగను చూసి, "నాన్నగారూ, ఈ బండి మీకు ఎంత ముద్దుగా ఉన్నా, ఈ పొగ పీల్చేది ఆ ఎర్ర పాండాలు కదా" అంది. సమాధానం చెప్పడం నా తరం కాలేదు. ఇప్పటికీ కాదు. పాత వాహనాలను ప్రేమించేవారందరూ ఒకసారి ఎక్కుడులో వాటి వెనుక నడిచి చూడడం మంచిదని మాత్రం అనుకున్నాను.

సందక్‌ఫు బసలో ఆ రాత్రి చలికి ఎవరూ గదులలో ఉండలేక వంటింటి పొయ్యి చుట్టూ చేరారు. అందులో కలకత్తానుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉన్నారు. స్టేట్స్‌మన్ పత్రికవారు 1968 నుంచి నిర్వహిస్తున్న పాతకార్ల ర్యాలీలో ఆయన తన ఆస్టిన్ కారుతో చాలాసార్లు పాల్గొన్నారట. పాత వాహనం కొనేవాడు దానికి ధర్మకర్తే గాని యజమాని కాడని ఆయన మతం. పెట్రోలు ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టడం ఆయన దృష్టిలో గుడిలో మూలవిరాట్టును తీసేసి మరొకరిని ప్రతిష్ఠించడం వంటిది. "బోల్టు కూడా ఆనాటిదే ఉండాలి. లేకపోతే అది ల్యాండ్ రోవర్ కాదు, ల్యాండ్ రోవర్ చొక్కా తొడుక్కున్న జీపు" అన్నారు. మాటల్లో మాటగా దాజూ బండిని తనకు అమ్మమని కూడా అడిగారు.

"తీసుకెళ్లి ఏం చేస్తారు సాబ్?" అన్నాడు దాజూ.

"పాత ఇంజన్ వెతికి తెప్పిస్తాను. అసలు రంగు వేయిస్తాను. ఏడాదికొకసారి ర్యాలీలో నడుపుతాను."

"మిగతా రోజుల్లో?"

"షెడ్డులో ఉంటుంది. గుడ్డ కప్పి ఉంచుతాం. బిడ్డలాగా చూసుకుంటాం."

దాజూ నవ్వాడు. "గుడ్డ కప్పితే మేము వేరే అర్థం చేసుకుంటాం సాబ్" అన్నాడు. అందరం నవ్వాము, పెద్దమనిషితో సహా. ఆ తరువాత దాజూ చెప్పిన మాటలలో నవ్వు లేదు. దీనిని నిలబెట్టుకోవడానికి ఏటా వానాకాలంలో నెలన్నర పనిచేస్తాడు. అప్పుడు వనం మూసి ఉంటుంది, బేరాలుండవు. గేర్‌బాక్స్ విప్పి సరిచేయడం తెలిసినవాళ్లు ఊరిలో ఇద్దరు ముగ్గురే మిగిలారు. వాళ్ల పిల్లలెవరూ ఆ పని నేర్వలేదు. "ఇనుము దొరుకుతుంది సార్, చేతులు దొరకవు" అన్నాడు నా వైపు తిరిగి.

కుమారుడి అభిప్రాయం వేరు. అతడూ ఆ రాత్రి తన ప్రయాణికులతో అక్కడే ఉన్నాడు. తండ్రి ఎదుట మాట్లాడలేక బయటికి వచ్చాక చెప్పాడు. బొలేరోకు బ్యాంకు అప్పు ఉంది, నెలనెలా కట్టాలి. అయినా అదే నయమన్నాడు. పాడయితే సిలిగురి షోరూముకు తోలుకుపోతే సాయంకాలానికి బాగుచేసి ఇస్తారు. ప్రయాణికులకు సీటు బెల్టులున్నాయి. వాన లోపలికి రాదు. "టూరిస్టులు నాన్న బండితో ఫొటో దిగుతారు సార్. దిగి వచ్చి నా బండి ఎక్కుతారు" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. కొంత బాధే ఉంది.

మరునాడు తెల్లవారుజామున కాంచనగంగ పంక్తి ఎర్రబడింది. పడుకున్న బుద్ధుని ఆకారం ఆ శిఖరాల వరుసలో కనిపిస్తుందని చెప్పే మాట అతిశయోక్తి కాదు. పడమట, దూరంగా, లోత్సే మకాలుల నడుమ ఎవరెస్టు చిన్నదిగా, నిరాడంబరంగా ఉంది. ఈ దృశ్యాన్ని నాకంటె బాగా వర్ణించినవారు ఎందరో ఉన్నారు గనుక ఇంతటితో వదిలేస్తాను.

దిగేటప్పుడు బొలేరోలో వచ్చాము. సుఖంగానే ఉంది, కాదనను. కాంక్రీటు పరచినచోట బండి జారినట్లు పోయింది, గుండ్రాళ్లు మిగిలినచోట మాత్రం దాని పొట్ట రెండుసార్లు రాయికి తగిలింది. ఆ శబ్దం విన్నప్పుడు నాకు ఒక విషయం బోధపడింది. అరవై అయిదేళ్లు ఆ పాత బండ్లను కాపాడినవి అల్యూమినియం, డ్రైవర్ల నైపుణ్యం మాత్రమే కావు. ఆ చెడ్డ దారి. మరో బండి రాలేని దారి ఉన్నంతకాలం దాని వయస్సు ఎవరికీ పట్టలేదు. దారి బాగుపడిన కొద్దీ దాని కాలం దగ్గర పడుతోంది. అట్లాగని దారి వేయవద్దని అనగలమా? కాలీపోఖ్రిలో ప్రసవవేదన పడే ఆడపడుచును కిందికి దింపవలసి వస్తే, గుండ్రాళ్ల దారి అందం ఎవరికి కావాలి? దాజూ కూడా ఆ దారి వేయడం మంచిదేనన్నాడు. తన బండికి కీడు చేసే పనిని మంచిదని ఒప్పుకోగలిగిన మనిషిని నేను ఉద్యోగంలో ఎక్కువమందిని చూడలేదు.

తిరిగివచ్చి విధులలో చేరిన రెండు నెలలకు, 2023 జనవరిలో, కేంద్ర ప్రభుత్వ ప్రకటన వెలువడింది. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు, రాష్ట్ర రవాణా సంస్థల వాహనాలలో పదిహేనేళ్లు నిండినవాటి రిజిస్ట్రేషన్ ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. వాటిని తుక్కు కేంద్రాలకు అప్పగించాలి. మన యూనిట్లలోని సహోద్యోగులకు ఆ వేసవి గుర్తుండే ఉంటుంది. జాబితాలు తయారుచేసే పని మా విభాగానికి వచ్చింది. పంపుహౌసు జీపు, రెండు లారీలు, ఒక అంబులెన్సు, వాటితోపాటు ఒక అగ్నిమాపక శకటం. జీపు విషయంలో నాకు విచారం కలగలేదు. దాని పొగ, దాని బ్రేకులు నాకు తెలుసు. అగ్నిమాపక శకటం దగ్గర మాత్రం పెన్ను ఆగింది. పద్దెనిమిదేళ్లలో అది తిరిగినది పందొమ్మిదివేల కిలోమీటర్లు కూడా లేదు. ప్రతి సోమవారం స్టార్టు చేసి, పంపు పరీక్షించి, తుడిచి నిలబెట్టిన బండి.

యంత్రాల మన్నిక గురించి చదువుకున్నవారికి స్నానపు తొట్టె ఆకారంలో ఉండే గీత పరిచితమే. తొలినాళ్లలో లోపాలు ఎక్కువ, మధ్యలో తక్కువ, అరుగుదల మొదలయ్యాక మళ్లీ ఎక్కువ. ఆ గీత కింద ఉండే కొలత మాత్రం అన్ని యంత్రాలకూ ఒకటి కాదు. ఇంజన్‌కు అది నడిచిన గంటలు; కమాన్ కట్టలకు దారి; రబ్బరు గొట్టాలకు, వాషర్లకు, టైర్లకు మాత్రం క్యాలెండరే. శకటం నిలబడి ఉన్నా దాని రబ్బరు ముసలిదవుతూనే ఉంటుంది. కాబట్టి పదిహేనేళ్ల లెక్క పూర్తిగా అర్థం లేనిదని అనలేము. కాని రబ్బరు మార్చవచ్చు. మార్చవలసినది మార్చి, పరీక్షించి, నిలబడితే ఉంచడం, లేకుంటే తీసేయడం నాకు తెలిసిన ఇంజనీరింగ్. సామాన్యుల రవాణా వాహనాలకు చట్టం ఆ మార్గమే పెట్టింది. ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష. ఆ పరీక్షలు అన్నిచోట్లా నిజాయితీగా జరుగుతాయన్న నమ్మకం కుదరకనే క్యాలెండరుకు పెత్తనం ఇచ్చారేమోనని నా అనుమానం. శకటం వేలానికి పోయింది. కొత్తది వచ్చింది, మంచిదే.

ఇక మా ఇంటి సంగతి. 1999లో కొన్న మారుతి 800 ఇంకా మాతోనే ఉంది. 2014లోను, 2019లోను రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. 2019లో రుసుము ఆరువందలు. 2022 ఏప్రిల్ నుంచి అది అయిదువేలయింది. 2024లో అంతా చెల్లించాను. 2025లో ఇరవై ఏళ్లు పైబడిన కార్లకు దానిని పదివేలు చేశారు. మా శ్రీమతి లెక్క ప్రకారం ఆ కారు బజారులో పలికే ధర, దాని మీద పెట్టే ఖర్చు త్వరలో సమానమవుతాయి. నా లెక్క వేరు. టౌన్‌షిప్‌లో కూరగాయల బజారుకు, క్లబ్బుకు, ఆసుపత్రికి కలిపి నెలకు నూరు కిలోమీటర్లు తిరగని మనిషి కొత్త కారు కొంటే ఎక్కువగా అరిగేది బ్యాంకు పుస్తకమే. ఊరి బయట జాతీయ రహదారి మీదికి మాత్రం దానిని ఇక తీసుకుపోను. ఎయిర్ బ్యాగులు లేని ఆ పలుచటి రేకుతో నేటి వేగాల నడుమ పిల్లలను కూర్చోబెట్టడం అభిమానం అనిపించుకోదు. కలకత్తా పెద్దమనిషి సిద్ధాంతం నాకు పట్టదు. బోల్టు ఏనాటిదయినా బిగువుగా ఉంటే చాలు. దాజూ కుమారుడిని మాత్రం తప్పుపట్టలేను.

వెళ్లదలచిన మిత్రులకు రెండు మాటలు. నవంబరు, డిసెంబరు నెలలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలలలో రోడోడెండ్రాన్ పూలు. వానాకాలంలో వనం మూస్తారు. గుర్తింపు కార్డులు దగ్గర ఉంచుకోండి. సరిహద్దు భద్రతా సిబ్బంది అడుగుతారు. ఎత్తు ప్రదేశం గనుక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు మన ఆసుపత్రి వైద్యుని సంప్రదించి మరీ బయలుదేరాలి. ఒక రాత్రి తుమ్లింగ్‌లో ఆగి పోతే తలనొప్పి వచ్చే అవకాశం తగ్గుతుంది. ల్యాండ్ రోవర్ ఎక్కే అవకాశం వస్తే ముందు సీటు అడిగి తీసుకోండి. వెనుక సీట్లు ఎదురెదురు బల్లలు. ఎదుటివారి మోకాళ్లు, మీ మోకాళ్లు ముప్పై ఒక్క కిలోమీటర్లూ మాట్లాడుకుంటూనే ఉంటాయి.